లుకేమియా మందులు వాడుతున్న బాబు పక్కన ఆటలమ్మ పోసిన పాప కూర్చుంది, ఇప్పుడు ఏం చేయాలి?

ఆదోని అమ్మ
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఆదోని. మా బాబుకు ఆరేళ్ళు. పోయిన సంవత్సరం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, ఏఎల్ఎల్ అంటారు. హైదరాబాదులో పెద్ద కీమోలన్నీ అయిపోయి ఇప్పుడు మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. అంటే తక్కువ డోసు కీమో మాత్రలు ఇంకా నడుస్తున్నాయి: రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్. జుట్టు మళ్ళీ వచ్చింది, అన్నం తింటున్నాడు. చూసినవాళ్ళంతా బాగైపోయాడు కదా అంటున్నారు.

మొన్న ఆదివారం సాయంత్రం పక్కింటి పాప పుట్టినరోజు. చాలా రోజుల తర్వాత వాడు పిల్లలతో ఆడుకున్నాడు, నేనే పంపించాను. గంటన్నర ఒకే గదిలో ఉన్నారు, కేకు దగ్గర ఆ పాప పక్కనే కూర్చున్నాడు. నిన్న రాత్రి ఆ పాప వీపు మీద నీళ్ళ పొక్కులు వచ్చాయట. ఈ రోజు పొద్దున వాళ్ళ గుమ్మానికి వేప మండలు కట్టారు. అవి చూడగానే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

మా బాబుకు జ్వరం లేదు, ఒంటి మీద ఏమీ లేదు. "ఏమీ రాకముందే ఎందుకు టెన్షన్ పడతావు, వస్తే చూద్దాం" అంటోంది మా అత్త. రివ్యూకు ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా ఆగవచ్చా?

కడప సిస్టర్
మంగళవారం, రాత్రి 10:05

అమ్మా, ఆగొద్దు. ఈ రాత్రికే మీ క్యాన్సర్ ఆసుపత్రికి ఫోన్ చేయి. డిశ్చార్జి కాగితం మీద వార్డు నంబరు ఉంటుంది.

నేను కడపలో పిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళు పని చేసి రిటైర్ అయ్యాను. ఆటలమ్మ పొక్కులు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఆ పాపకు సోమవారం రాత్రి పొక్కులు వచ్చాయంటే ఆదివారం సాయంత్రానికే ఆమె ఊపిరిలో వైరస్ ఉన్నట్టు లెక్క. ఒకే గదిలో పావుగంట ఉన్నా అంటుకునే అవకాశం ఉంది, మీవాడు గంటన్నర ఉన్నాడు.

అంటుకున్న రోజు నుంచి పొక్కులు కనపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. చేయగలిగింది ఎక్కువగా ఈ మధ్యకాలంలోనే ఉంది. ఆటలమ్మకు యాంటీబాడీల (వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్ల) ఇంజెక్షన్ ఒకటి ఉంది. 96 గంటల్లోపు ఇస్తే ఎక్కువ మేలు, 10 రోజుల దాకా కూడా ఇస్తారు. అది మన దగ్గర అన్నిచోట్లా దొరకదు. దొరకనప్పుడు మామూలు ఇమ్యునోగ్లోబులిన్ (ఇదీ యాంటీబాడీల మందే) సెలైన్‌లా ఎక్కించడమో, ఏడో రోజు నుంచి వైరస్‌ను ఆపే అసైక్లోవిర్ మందు మొదలుపెట్టడమో చేస్తారు. మీవాడికి ఏది అన్నది వాడి డాక్టరే చెప్పాలి. ఆదివారం సాయంత్రం నుంచి లెక్కేస్తే నీకు గురువారం సాయంత్రం దాకా టైం ఉంది, అందుకే రాత్రికే చేయమంటున్నాను.

ఫోన్లో ఇవి చెప్పు: ఎప్పుడు, ఎంతసేపు దగ్గరున్నాడు, ఇంతకు ముందు ఆటలమ్మ వచ్చిందా, దాని టీకా ఎప్పుడైనా వేయించారా, ఇప్పుడు ఏ మందులు ఎంత డోసు, చివరి రక్తపరీక్షలో తెల్లకణాల కౌంట్ ఎంత.

ఇంకో మాట. చెప్పకుండా బండెక్కి వెళ్ళి అక్కడి ఓపీలో కూర్చోవద్దు. అక్కడ ఉన్నవాళ్ళంతా మీవాడిలాంటి పిల్లలే.

ఇంట్లో ఇంకా ఎవరున్నారు? వాళ్ళకు ఆటలమ్మ వచ్చిందా?

ఆదోని అమ్మ
మంగళవారం, రాత్రి 10:20

నాకూ మా ఆయనకూ చిన్నప్పుడే వచ్చింది. అత్తకూ వచ్చింది. మా చిన్నపాపకు మూడేళ్ళు, ఆమెకు రాలేదు. ఆమె కూడా ఆ రోజు పుట్టినరోజుకు వెళ్ళింది సిస్టర్. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఫోన్ చేస్తున్నాను.

ధర్మవరం మగ్గం
మంగళవారం, రాత్రి 11:15

అక్కా, ధైర్యంగా ఉండు. మాకు క్యాన్సర్ కాదు గానీ ఇదే కష్టం వచ్చింది. మా పాపకు నెఫ్రోటిక్ సిండ్రోమ్. మొహం, కాళ్ళు వాచిపోయి మూత్రంలో ప్రొటీన్ పోతుంటుంది. నెలల తరబడి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేశాం. ఆ మాత్రలు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయని నాకు తెలియదు. వాపు తగ్గింది కదా, మందు మంచిదే అనుకున్నాను.

మగ్గం పని చేసే మా వీధిలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకింట్లో అమ్మవారు పోస్తే పది ఇళ్ళకు పోస్తుంది. పాపకు పొక్కులు రాగానే ఈ మాత్రల వల్లే వచ్చిందని కోపంతో నేనే మాత్రలు ఆపేశాను. రెండో రోజుకు పాప వాంతులు చేసుకుని సొమ్మసిల్లిపోయింది. బెంగళూరులో డాక్టరు చెప్పాడు, చాలా రోజులు స్టెరాయిడ్ వాడిన పిల్లలకు అది ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుందని. ఒళ్ళు తనంతట తాను తయారు చేసుకోవాల్సిన హార్మోను మానుకుని ఉంటుందట. అసైక్లోవిర్ నరానికి ఎక్కించారు, స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. ఎనిమిది రోజులు ఉన్నాం. బతికించుకున్నాం.

ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. ఆపాలా వద్దా అన్నది ఫోన్లో అడగండి.

ప్రొద్దుటూరు తాత
బుధవారం, ఉదయం 6:30

చదివాను. ఒక మాట చెప్పాలనిపించింది. మా కాలంలో అమ్మవారు పోస్తే మందు ముట్టించేవాళ్ళం కాదు. గది శుభ్రం చేసి, వేపాకు పరిచి పడుకోబెట్టి, మజ్జిగన్నం, రాగి సంగటి పెట్టేవాళ్ళం. తొమ్మిదో రోజు పసుపు, వేపాకు వేసిన నీళ్ళు పోసేవాళ్ళం. మా ఇంట్లో ఎనిమిది మందికి పోసింది, అందరూ బాగున్నారు. మందులతో అమ్మను అణచకూడదని మా అమ్మ చెప్పేది. పిల్లోడిని ఊరికే ఆసుపత్రుల చుట్టూ తిప్పి భయపెట్టకండి.

ఎమ్మిగనూరు
బుధవారం, ఉదయం 8:10

తాతా, మీ మీద కోపం లేదు. మా అమ్మ కూడా ఇదే చెప్పింది. నేను ఆమె మాట విన్నాను. అందుకే రాస్తున్నాను.

మా పాపకు ఎనిమిదేళ్ళు. ఇదే బ్లడ్ క్యాన్సర్, ఇదే మెయింటెనెన్స్. ముందు కడుపునొప్పి అంది. పొక్కులు లేవు. పొర్లాడి ఏడ్చేంత నొప్పి. ఊళ్ళో డాక్టరు గ్యాస్ అని సూది వేశాడు. నడుము నొప్పి కూడా అంది. మూడో రోజు పొక్కులు కనపడ్డాయి. అమ్మ వచ్చింది, ఇక కడుపునొప్పి తగ్గుతుంది అనుకున్నాం. గుమ్మానికి వేప కట్టాం. హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేద్దామంటే "అమ్మ ఉన్నప్పుడు ఊరు దాటకూడదు" అన్నారు. నేను గట్టిగా మాట్లాడలేదు.

ఐదో రోజు పొక్కులు నల్లగా, నెత్తురు నిండినట్టు అయ్యాయి. ఊపిరి వేగంగా తీసుకుంటుంటే కర్నూలు తీసుకుపోయాం. ఊపిరితిత్తులకూ లివరుకూ పాకిందన్నారు. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు.

ఆ కడుపునొప్పి కూడా ఆటలమ్మేనని తర్వాత తెలిసింది. ఇలాంటి పిల్లల్లో చర్మం కంటే ముందు లోపలి అవయవాల్లో మొదలు కావచ్చట.

ఆదోని అక్కా, ఫోన్ చేశావా?

ఆదోని అమ్మ
బుధవారం, ఉదయం 8:25

చేశాను అక్కా. నీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పాప గురించి చెప్పినందుకు నీకు దండం పెడుతున్నాను.

రాత్రి డ్యూటీ డాక్టరు అన్నీ రాసుకున్నాడు. పెద్ద డాక్టరుతో మాట్లాడి మళ్ళీ చేస్తానన్నాడు.

కడప సిస్టర్
బుధవారం, ఉదయం 9:00

ఎమ్మిగనూరు అమ్మా, నువ్వు రాసింది చాలామంది డాక్టర్లకు కూడా వెంటనే తట్టదు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లాడు, ఈ మధ్య ఆటలమ్మ దగ్గరగా ఉన్నాడు, తట్టుకోలేని కడుపునొప్పో నడుమునొప్పో వచ్చింది అంటే పొక్కులు లేకపోయినా ఆ అనుమానంతోనే చూడాలి. నీ తప్పని మాత్రం ఎవరూ అనరు, నువ్వూ అనుకోకు తల్లీ.

తాతగారూ, మీ ఇంట్లో ఎనిమిది మంది బాగున్నారంటే నేను నమ్ముతాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఆటలమ్మ దానంతట అదే తగ్గుతుంది. కానీ అది తగ్గించేది పిల్లాడి రక్తంలోని తెల్లకణాలు, ముఖ్యంగా టి కణాలు అనేవి. కీమో మందులు చేసే పనే ఆ కణాలను తగ్గించడం. క్యాన్సరు కూడా తెల్లకణాల్లోనే ఉంది కాబట్టి వేరే దారి లేదు. అలాంటి ఒంట్లో వైరస్‌ను ఆపేవాళ్ళు లేక రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, లివరుకు, మెదడుకు పాకుతుంది. అసైక్లోవిర్ రాకముందు కీమో తీసుకునే పిల్లలను ఆటలమ్మ పొట్టన పెట్టుకోవడం పెద్ద వార్డుల్లో అందరూ చూసిందే.

మీరు చెప్పిన ఆచారంలో నాకు నచ్చేది ఒకటుంది. గుమ్మానికి వేప మండ కడితే బయటివాళ్ళు లోపలికి రారు, ఆ ఇంటివాళ్ళు నలుగురిలో తిరగరు. ఆదోని అమ్మ ఈ రోజు జాగ్రత్త పడుతోందంటే పక్కింటివాళ్ళు దాచకుండా మండ కట్టినందువల్లే. వాళ్ళు ఇంగ్లీషు మందు వేసి ఊరుకుని ఉంటే ఈమెకు తెలిసేదే కాదు. మండ కట్టండి, అమ్మకు దండం పెట్టండి, సూది మందూ వేయించండి. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

ప్రొద్దుటూరు తాత
బుధవారం, ఉదయం 9:45

ఎమ్మిగనూరు అమ్మా, నా మాట నిన్ను నొప్పించి ఉంటే మన్నించు. కీమో బిడ్డల సంగతి నాకు తెలియదు. నేను రాసింది వాళ్ళకు వర్తించదు. ఆదోని బిడ్డా, డాక్టరు చెప్పినట్టు చేయి. మీ అత్తకు నేను చెప్పానని చెప్పు, పెద్దవాళ్ళ మాట పెద్దవాళ్ళు వింటారు.

డోన్ టీచర్
బుధవారం, మధ్యాహ్నం 1:10

ప్రభుత్వ స్కూల్లో ఐదో తరగతి వరకు చెప్తాను. మా బడిలో కీమో అయిపోయి తిరిగి వచ్చిన పాప ఒకరుంది. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా ఏటా ఎవరో ఒకరికి ఆటలమ్మ వస్తుంది. తల్లిదండ్రులు అమ్మవారు పోసిందని సెలవు చీటీ కూడా రాయరు, ఊరికే పంపించరు. ఎందుకు రాలేదో పది రోజుల తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఈ పాపకు కావలసిన రోజులన్నీ దాటిపోతాయి.

నేను చేసింది ఒకటే. తరగతి వాట్సాప్ గ్రూపులో పాప పేరు చెప్పకుండా రాశాను: "మన తరగతిలో ఒక బిడ్డకు పొక్కుల జబ్బు వస్తే ప్రాణాపాయం. మీ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే ఆ రోజే నాకు ఫోన్ చేయండి, ఎవరినీ తప్పుపట్టను." ఫోన్లు లేనివాళ్ళకు ఆశా కార్యకర్తతో చెప్పించాను. కోసిగి, పెద్దకడుబూరు వైపు లాగానే మా దగ్గర కూడా మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోయి వచ్చే కుటుంబాలున్నాయి, పిల్లలు మధ్యలో వచ్చి చేరతారు. వాళ్ళ టీకాల కార్డులు అడిగి చూస్తున్నాను.

తట్టు గురించి కూడా ఒక మాట. అది ఆటలమ్మ కంటే తొందరగా అంటుకుంటుంది. రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. ఇలాంటి పిల్లల్లో ఒక్కోసారి దద్దు లేకుండానే న్యుమోనియాగా వస్తుంది. తట్టు ఉన్నవాళ్ళ దగ్గర ఉంటే ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా ఉచితం, 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి. మన పిల్లలకు వేయిస్తే పక్కింటి కీమో పిల్లాడికి కూడా కాపలా.

ఆదోని అమ్మ
బుధవారం, సాయంత్రం 6:50

డాక్టరు ఫోన్ చేశారు. ఆ యాంటీబాడీ ఇంజెక్షన్ ఇప్పుడు వాళ్ళ దగ్గర లేదు. వచ్చే ఆదివారం, అంటే ఏడో రోజు నుంచి అసైక్లోవిర్ నోటిద్వారా మొదలుపెట్టమన్నారు. డోసు బరువును బట్టి రాసి పంపారు. నీళ్ళు బాగా తాగించమన్నారు. ఇక్కడే రక్తపరీక్ష చేయించి కౌంట్ పంపితే కీమో మాత్రల సంగతి చెప్తామన్నారు. ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా బడి, గుడి, పెళ్ళి, ఆసుపత్రి ఓపీ ఏదీ వద్దన్నారు. ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చి ఉంటే 28 రోజులట.

చిన్నపాపకు ఈ రోజే ఇక్కడి పిల్లల డాక్టరు దగ్గర ఆటలమ్మ టీకా వేయించాం. ప్రభుత్వ టీకాల్లో అది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. అంటుకున్న మూడు నాలుగు రోజుల్లో వేస్తే ఇంకా పనిచేస్తుందట. బాబుకు వేయమని అడిగితే డాక్టరు గట్టిగా వద్దన్నాడు.

కడప సిస్టర్
బుధవారం, రాత్రి 8:00

మంచి పని చేశారు. బాబుకు వద్దనడం సరైనదే. ఆటలమ్మ టీకా, ఎంఆర్ టీకా బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినవి. కీమో నడుస్తున్న పిల్లలకు వేస్తే ఆ బలహీనమైన వైరస్సే జబ్బు చేయవచ్చు. కీమో అయిపోయాక కనీసం ఆరు నెలలు ఆగుతారు. ఇంట్లో మిగతా పిల్లలకు మాత్రం వేయించవచ్చు. పాపకు టీకా తర్వాత పొక్కులు వస్తే మాత్రం తగ్గేదాకా అన్న దగ్గరకు పంపొద్దు.

పల్స్ పోలియో రోజు జాగ్రత్త. నోట్లో వేసే చుక్కలు బాబుకూ వద్దు, పాపకూ వద్దు. ఆ చుక్కల్లోని బలహీనపరిచిన పోలియో వైరస్ పాప మలం ద్వారా బాబుకు చేరవచ్చు. పాపకు పోలియో సూది మందు ఉంది. బూత్‌లో ఏఎన్ఎంకు ఈ సంగతి చెప్పు, అర్థం చేసుకుంటారు.

గుత్తి స్టూడెంట్
గురువారం, రాత్రి 11:30

నాకిప్పుడు 21. ఏడేళ్ళప్పుడు నాకూ ఏఎల్ఎల్, కీమో మధ్యలో ఆటలమ్మ వచ్చింది. మా నాన్న ఆర్టీసీలో పని చేస్తారు. మొదటి పొక్కు చూసిన రోజే బెంగళూరు బస్సెక్కించారు, వారం రోజులు అసైక్లోవిర్ నరానికి ఎక్కించారు. నాకు గుర్తున్నదల్లా దురద, గోళ్ళు మొదలంటా కత్తిరించిన అమ్మ చేతులు.

మీకు ఒకటి చెప్పాలి. వచ్చి తగ్గిన తర్వాత ఆ వైరస్ నరాల్లో దాక్కుంటుంది. పదేళ్ళప్పుడు నాకు నడుముకు ఒక పక్క సర్పి వచ్చింది, అది ఇదే వైరస్. ఇంట్లో అవ్వకో తాతకో సర్పి లేచినా దాని నుంచి బాబుకు ఆటలమ్మ అంటుకోవచ్చు. ఎవరూ దీన్ని దాంతో కలిపి ఆలోచించరు.

ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం. బాబుకు చెప్పండి, నేను క్రికెట్ ఆడతాను.

ఆదోని అమ్మ
రెండో సోమవారం, తెల్లవారుజామున 4:15

ఈ రోజుకు పదిహేనో రోజు. నిన్న రాత్రితో అసైక్లోవిర్ అయిపోయింది. గంట నుంచి కడుపునొప్పి అంటున్నాడు. 100.8 జ్వరం ఉంది. ఒంటి మీద ఏమీ లేదు.

ఎమ్మిగనూరు అక్కా, నీ మాట గుర్తొచ్చి ఆగలేదు. హైదరాబాదుకు ఫోన్ చేశాను. అంత దూరం రావద్దు, నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికి పొండి, మేము వాళ్ళతో మాట్లాడుతాం అన్నారు. జ్వరం చూసి చెప్పకుండా పారాసిటమాల్ వేయొద్దన్నారు. 108 వస్తోంది.

ఎమ్మిగనూరు
సోమవారం, ఉదయం 5:00

నేను మెలకువగానే ఉన్నాను. పోతూ ఉండు. కడుపునొప్పి అని మాత్రమే చెప్పకు. "కీమోలో ఉన్నాడు, ఆటలమ్మ తగిలి పదిహేను రోజులైంది" అని గేటు దగ్గరే ముందు ఆ మాట చెప్పు. వేరే గది అడుగు.

ఆదోని అమ్మ
సోమవారం, రాత్రి 9:20

ఎక్కడా కూర్చోబెట్టకుండా వేరే గదిలోకి తీసుకున్నారు. రక్తం తీసిన గంటలోపే అసైక్లోవిర్ నరానికి మొదలుపెట్టారు. ఎనిమిది గంటలకోసారి, ఒక్కో డోసు గంటసేపు నెమ్మదిగా. కిడ్నీకి బరువు కాకుండా సెలైన్ కూడా పెట్టారు, ఎంత మూత్రం పోస్తున్నాడో కొలిచి రాస్తున్నాను. కీమో మాత్రలు ప్రస్తుతానికి ఆపమన్నారు. కౌంట్ తక్కువగా ఉందని యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నారు.

మధ్యాహ్నం పొట్ట మీద నాలుగు పొక్కులు కనపడ్డాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగున్నాయి. లివరు పరీక్షలో కొంచెం తేడా ఉంది.

ధర్మవరం మగ్గం
సోమవారం, రాత్రి 9:50

అక్కా, నాలుగు పొక్కులప్పుడే మందు పడింది. మా పాపకు వంద దాటాక పడింది. ఆస్పిరిన్ ఉన్న మాత్ర ఏదీ దగ్గరకు రానీయకు, దాంతో లివరు, మెదడు దెబ్బతింటాయని మాకు చెప్పారు. ఐబుప్రొఫెన్ కూడా వద్దన్నారు.

ఆదోని అమ్మ
గురువారం, సాయంత్రం 5:30

మొత్తం ముప్పై దాకా వచ్చాయి. నిన్నటి నుంచి కొత్తవి లేవు. కడుపునొప్పి తగ్గింది, లివరు పరీక్ష దిగుతోంది. ఇడ్లీ అడిగాడు. మా అత్త ఆసుపత్రి బయట వేప చెట్టు కింద కూర్చుని ఉంది, లోపలికి ఒక్కరినే రానిస్తారు. అసైక్లోవిర్ డోసు టైం అయితే ఆమే ఫోన్ చేసి గుర్తు చేస్తోంది.

తాతగారి మాట ఆమెకు చదివి వినిపించాను.

ప్రొద్దుటూరు తాత
గురువారం, సాయంత్రం 6:05

చాలా సంతోషం తల్లీ. మీ అత్తను వేళకు భోంచేయమను.

డోన్ టీచర్
గురువారం, రాత్రి 8:40

మా మండలంలో మిగతా బడుల టీచర్ల గ్రూపులో కూడా ఆ మెసేజ్ పెట్టాను. ఇద్దరు ఫోన్ చేశారు. ఒక బడిలో హెచ్ఐవి మందులు వాడే బాబు ఉన్నాడు, ఆ సంగతి టీచరుకు ఒక్కరికే తెలుసు. బాబు పేరు ఎక్కడా రాకుండా మెసేజ్ ఎలా పెట్టాలో అడిగారు. "మన బడిలో" అని కాకుండా "ప్రతి బడిలో ఇలాంటి బిడ్డ ఒకరు ఉండవచ్చు" అని మార్చి పంపాను.

కడప సిస్టర్
తర్వాతి బుధవారం, ఉదయం 10:15

ఆదోని అమ్మా, ఇంటికి వచ్చారా? పొక్కులు అన్నీ ఎండి పక్కు కట్టాయా? తలలో, చెవుల వెనక, నోట్లో కూడా చూడు. అవి ఎండేదాకా ఇంకొకరికి అంటుకుంటుంది. రివ్యూకు వెళ్ళేముందు ఫోన్ చేసి అడుగు, కీమో మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్ళే చెప్తారు.

ఆదోని అమ్మ
బుధవారం, ఉదయం 11:00

నిన్న సాయంత్రం వచ్చాం సిస్టర్. చిన్నపాపకు ఏమీ రాలేదు, ఆమె ఇంకా మా అమ్మగారింట్లోనే ఉంది. పక్కింటామె గేటు బయట నిలబడి ఏడ్చింది. నువ్వు ఆ రోజే మండ కట్టబట్టే మావాడు ఇంటికొచ్చాడని చెప్పాను.

మీరు రాశాక తల దువ్వి చూశాను. చెవి వెనక ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. అది ఎండేదాకా వాణ్ణి గడప దాటించను.